బ్రాండ్ పేరున్న డయాబెటిస్ ఇంజెక్షన్‌కు అమెరికాలో రోగి చెల్లించేది ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఓజెంపిక్, మౌంజారో, ట్రూలిసిటీ వంటి వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్ల ధర ఎంతని అమెరికాలో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. ఒకరు 25 డాలర్లంటారు, ఇంకొకరు వెయ్యికి దగ్గరగా కట్టామంటారు, మరొకరికి జేబులోంచి ఏమీ పడి ఉండదు. ముగ్గురు చెప్పేదీ నిజమే. మందు ఒక్కటే అయినా, ఎవరి బీమా ఏమిటి, అది సంవత్సరంలో ఏ దశలో ఉంది, ఏ రాయితీ ఎవరికి వర్తిస్తుంది అన్నవాటిని బట్టి కౌంటరు దగ్గర కనిపించే మొత్తం మారిపోతుంది. ఎక్కువగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి ఖర్చుకు సంబంధించినవే తప్ప, ఏ మందు ఎవరికి సరిపోతుందన్నది వైద్యులు తేల్చవలసిన విషయం.

ఈ ఇంజెక్షన్ల జాబితా ధర ఎంత?

జాబితా ధర అంటే తయారీ సంస్థ టోకు పంపిణీదారులకు ప్రకటించే ధర. నోవో నార్డిస్క్ తయారుచేసే ఓజెంపిక్ ఒక నెల పెన్‌కు 2025లో ఈ ధర 997.58 డాలర్లు. ఎలై లిలీ సంస్థ మౌంజారోకు నాలుగు పెన్లకు, అంటే 28 రోజుల మందుకు, అదే సంవత్సరం 1,079.77 డాలర్లు పెట్టింది. ఈ అంకెలు రాయితీలేవీ తీసివేయకముందువి. ఫార్మసీ తన వంతుగా కొంత కలుపుకుంటుంది కాబట్టి, బీమా లేకుండా నేరుగా కౌంటరుకు వెళ్లినవారికి ఇంతకన్నా కొంచెం ఎక్కువే చెప్పవచ్చు.

పెద్ద డోసుకు మారితే ధర పెరుగుతుందా?

జాబితా ధర విషయంలో పెరగదు. ఓజెంపిక్ పెన్ 0.5 మిల్లీగ్రాములదైనా, 2 మిల్లీగ్రాములదైనా ఒకే ధర. అయితే బీమా లేకుండా నగదుకు కొనేవారికి కంపెనీలు ఇచ్చే ప్రత్యేక ధరల్లో మాత్రం డోసును బట్టి తేడా ఉంటుంది. ఆ సంగతి కింద వస్తుంది.

బీమా సంస్థ కూడా ఆ జాబితా ధరే చెల్లిస్తుందా?

చెల్లించదు. రోగికీ తయారీ సంస్థకూ మధ్య ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్లనే మధ్యవర్తి సంస్థలు ఉంటాయి. వాటిలో పెద్దవైన సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ఆర్ఎక్స్ అనే మూడూ కలిసి దేశంలో రాసే ప్రిస్క్రిప్షన్లలో సుమారు 80 శాతాన్ని నిర్వహిస్తాయి. బీమా పథకం ఏ మందులను ఏ శ్రేణిలో పెట్టి ఎంతవరకు భరిస్తుందో తెలిపే జాబితాను ఫార్ములరీ అంటారు. తమ మందుకు ఆ జాబితాలో మంచి స్థానం దక్కాలని తయారీ సంస్థలు ఈ మధ్యవర్తులకు అమ్మకం జరిగిన తరువాత పెద్ద మొత్తంలో రిబేట్లు తిరిగి ఇస్తాయి. మార్కెట్లోకి వచ్చిన నాటినుంచి ఓజెంపిక్ నికర ధర, అంటే రిబేట్లు పోను మిగిలే ధర, దాదాపు 40 శాతం తగ్గిందని నోవో నార్డిస్క్ చెప్పింది. జాబితా ధర మాత్రం అదే కాలంలో పెరిగింది.

అయితే ఆ రిబేట్ నాకెందుకు కనిపించదు?

ఈ వ్యవస్థలో రోగికి నిజంగా అన్యాయం జరిగేది ఇక్కడే అని చెప్పాలి. రిబేట్ కౌంటరు దగ్గర ఇచ్చే తగ్గింపు కాదు. నెలల తరువాత తయారీ సంస్థ నుంచి మధ్యవర్తికీ, అక్కడినుంచి చాలావరకు బీమా పథకానికీ లేదా ఉద్యోగికి బీమా కల్పించిన యజమానికీ చేరే సొమ్ము. దానితో అందరి ప్రీమియం కొంత తగ్గుతుందని పథకాలు వాదిస్తాయి, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ డిడక్టిబుల్, అంటే బీమా తన వాటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు రోగి సొంతంగా కట్టవలసిన మొత్తం, ఇంకా పూర్తికాని రోగి, లేదా ధరలో శాతం చొప్పున కట్టే రోగి, తన వాటాను రిబేట్‌కు ముందున్న పెద్ద ధర మీదే కడతాడు. అంటే ఆ మందు వాడే మనిషి ఎక్కువ కట్టడం వల్ల, ఆ మందు అవసరం లేనివారి ప్రీమియం తగ్గుతోంది. ఇన్సులిన్ విషయంలో ఇదే తరహా ఆరోపణలతో, వ్యాపార పోటీని పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 సెప్టెంబరులో ఆ మూడు మధ్యవర్తి సంస్థల మీద చర్యకు దిగింది.

డిసెంబరులో తక్కువగా ఉన్న బిల్లు జనవరిలో ఒక్కసారిగా ఎందుకు పెరిగింది?

ఫార్మసీలో అత్యధికంగా వినిపించే ప్రశ్న ఇదే. మందు ధర పెరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెరిగింది ధర కాదు, మీ బీమా లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలైంది. చాలా పథకాలలో డిడక్టిబుల్ క్యాలెండరు సంవత్సరంతో మళ్లీ మొదలవుతుంది. ఆ మొత్తం మీరు పూర్తిగా కట్టేవరకు పథకం తన వాటా ఇవ్వడం మొదలుపెట్టదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పథకం డిడక్టిబుల్ 2,000 డాలర్లు, ఆ తరువాత మీ వాటా 25 శాతం, ఫార్మసీతో పథకం కుదుర్చుకున్న ధర నెలకు 900 డాలర్లు అనుకుందాం. ఈ మందు తప్ప మరే వైద్య ఖర్చూ లేదనుకుంటే, జనవరిలో 900, ఫిబ్రవరిలో 900 కడతారు. మార్చిలో డిడక్టిబుల్‌లో మిగిలిన 200, ఆపై మిగతా 700లో పాతిక శాతమైన 175 కలిపి 375 అవుతుంది. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలకు 225. సంవత్సరం మొత్తానికి 4,200 డాలర్లు. సగటు తీస్తే నెలకు 350 అయినా, ఏ ఒక్క నెలలోనూ మీకు కౌంటరు దగ్గర 350 అనే అంకె కనిపించదు. అందుకే ఒకే పథకంలో ఉన్న ఇద్దరు సహోద్యోగులు, ఒకరు ఫిబ్రవరిలోనూ మరొకరు ఆగస్టులోనూ మందు మొదలుపెడితే, తమ అనుభవాలను పోల్చుకున్నప్పుడు పొంతన కుదరదు.

నాది హెచ్‌ఎస్‌ఏతో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతాతో) కూడిన హై డిడక్టిబుల్ పథకం. మొదటి డాలరు నుంచీ నేనే కట్టాలా?

తప్పనిసరిగా కాదు. దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి ఇన్సులిన్‌నూ, రక్తంలో గ్లూకోజు తగ్గించే ఇతర మందులనూ డిడక్టిబుల్ పూర్తికాకముందే భరించే వీలును అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2019లో ఇచ్చింది. అలా చేసినా ఆ పథకానికి హెచ్‌ఎస్‌ఏ అర్హత పోదు. అయితే ఇది పథకానికి ఇచ్చిన వెసులుబాటే కానీ పెట్టిన నిబంధన కాదు. మీ పథకానికి ఫోన్ చేసి ప్రివెంటివ్ డ్రగ్ లిస్ట్ (డిడక్టిబుల్‌కు ముందే భరించే మందుల జాబితా) ఉందా, అందులో మీ ఇంజెక్షన్ ఉందా అని పేరుతో సహా అడగండి. చాలామంది ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లనే వందల డాలర్లు ముందుగా కడుతున్నారు.

కోపే, కోఇన్సూరెన్స్ రెండింటిలో ఏది మేలు?

ఖరీదైన మందు వాడేవారికి దాదాపు ఎప్పుడూ కోపేయే మేలు. కోపే అంటే నెలకు ఇంత అని నిర్ణయించిన మొత్తం. జాబితా ధర పెరిగినా అది ఆ సంవత్సరం మారదు. కోఇన్సూరెన్స్ అంటే ధరలో శాతం కాబట్టి ధరతోపాటే పెరుగుతుంది.

ప్రకటనల్లో 25 డాలర్లే అంటారు. అది నిజమేనా?

నిజమే, కానీ "కనిష్ఠంగా" అనే మాటను గమనించాలి. తయారీ సంస్థలు ఇచ్చే సేవింగ్స్ కార్డు యజమాని ద్వారానో, సొంతంగానో ప్రైవేటు బీమా ఉండి, ఆ బీమా ఈ మందును భరిస్తున్నవారికి ఉద్దేశించినది. ఓజెంపిక్ కార్డు 2025 నిబంధనల ప్రకారం ఒక నెల మందుకు గరిష్ఠంగా 100 డాలర్లు మాత్రమే తగ్గిస్తుంది. మీ కోపే 125 డాలర్లు అయితే కార్డు తరువాత 25 కడతారు. అదే డిడక్టిబుల్ దశలో 900 కట్టవలసి ఉంటే, కార్డు చూపించినా 800 కట్టాలి. కార్డు ఉందన్న ధీమాతో జనవరిలో ఫార్మసీకి వెళ్లి కంగుతినేవారు ఈ పరిమితిని చదవనివారే.

మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి), ట్రైకేర్ (సైనిక కుటుంబాలకు) వంటి ప్రభుత్వ పథకాలలో ఉన్నవారు ఈ కార్డు వాడకూడదు. ప్రభుత్వం డబ్బు చెల్లించే మందును కొనడానికి కంపెనీ రోగికి ప్రోత్సాహకం ఇవ్వడాన్ని సమాఖ్య యాంటీ కిక్‌బ్యాక్ చట్టం నిషేధిస్తుంది. ఇది కంపెనీ పిసినారితనం కాదు, కాబట్టి కస్టమర్ సర్వీసువారితో వాదించి లాభం లేదు.

కార్డు ఇచ్చిన తగ్గింపు నా డిడక్టిబుల్‌లో జమ అవుతుందా?

కొన్ని పథకాలలో అవుతుంది, కొన్నింటిలో కాదు. కోపే అక్యుములేటర్ అనే పద్ధతి పాటించే పథకాలు మీరు సొంతంగా కట్టిన డబ్బునే లెక్కలోకి తీసుకుంటాయి, కంపెనీ కార్డు కట్టిన భాగాన్ని వదిలేస్తాయి. పై ఉదాహరణలో కార్డు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వందేసి డాలర్లు తగ్గించిందనుకుంటే, అటువంటి పథకంలో మార్చి నాటికి మిగిలే డిడక్టిబుల్ 200 కాదు, 400. కార్డు వల్ల కలిగిన లాభంలో కొంత భాగాన్ని పథకం ఇలా వెనక్కి లాగేసుకుంటుంది. కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతిని నిషేధించాయి కానీ, పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు సొంత నిధితో నడిపే పథకాలకు సాధారణంగా రాష్ట్ర బీమా చట్టాలు వర్తించవు. పథకం వివరాల పత్రంలో తయారీ సంస్థ సహాయం గురించి రాసిన పేరాను వెతికి చదవండి. అది సాధారణంగా చివరి పేజీల్లో, ఎవరూ చూడని చోట ఉంటుంది.

డయాబెటిస్ ఇంజెక్షన్‌కు నెలకు 35 డాలర్లకు మించి కట్టనక్కర్లేదని విన్నాను. అది దీనికి వర్తిస్తుందా?

వర్తించదు. 35 డాలర్ల పరిమితి ఇన్సులిన్‌కు సంబంధించినది. 2022 ఆగస్టులో చట్టమైన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం మెడికేర్‌లో మందులను భరించే భాగమైన పార్ట్ డీలో 2023 జనవరి నుంచీ, పంపు ద్వారా తీసుకునే ఇన్సులిన్‌కు వైద్య సేవలు, పరికరాల భాగమైన పార్ట్ బీలో అదే సంవత్సరం జూలై నుంచీ అది అమలులోకి వచ్చింది. ఆ ఇన్సులిన్‌కు డిడక్టిబుల్ కూడా అడ్డు రాదు. ఆ తరువాత ఎలై లిలీ, నోవో నార్డిస్క్, సనోఫీ సంస్థలు తమ ఇన్సులిన్లలో చాలావాటి జాబితా ధరలను 70 శాతం దాకా, కొన్నింటికి అంతకు మించి తగ్గించాయి. ఓజెంపిక్, మౌంజారో, ట్రూలిసిటీ ఇన్సులిన్లు కావు. సూదితో తీసుకునేవి కావడం వల్ల రెండూ ఒకటేనని పొరపడటం సహజమే కానీ, చట్టం దృష్టిలో అవి వేరు.

మెడికేర్ ఉన్నవారు ఎంత కట్టాలి?

పార్ట్ డీ పథకాలలో గత కొన్నేళ్లలో పరిస్థితి బాగా మెరుగుపడింది. మందుల కోసం రోగి జేబులోంచి కట్టే మొత్తానికి 2025లో మొదటిసారి 2,000 డాలర్ల వార్షిక పరిమితి వచ్చింది. 2026లో అది 2,100 డాలర్లు. 2026లో పథకాలు విధించగల గరిష్ఠ డిడక్టిబుల్ 615 డాలర్లు, ఆ తరువాత పరిమితి చేరేవరకు ప్రామాణిక వాటా 25 శాతం.

మందు ధర నెలకు 1,000 డాలర్లు అనుకుని ఈ ప్రామాణిక లెక్క వేస్తే, జనవరిలో 711.25 డాలర్లు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలకు 250, జూలైలో మిగిలిన 138.75 కడతారు. ఆగస్టు నుంచి ఆ సంవత్సరం ఇంకేమీ ఉండదు. ఇతర మందులు కూడా ఉంటే పరిమితి ఇంకా ముందే చేరుతుంది. అనేక పథకాలు డిడక్టిబుల్ తగ్గించి, బ్రాండ్ మందులకు స్థిరమైన కోపే పెడతాయి కాబట్టి మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. అయితే పరిమితి మాత్రం అందరికీ ఒకటే, అదీ మీ పథకం భరించే మందులకు మాత్రమే.

జనవరి భారాన్ని ఒకేసారి మోయలేనివారికి మెడికేర్ ప్రిస్క్రిప్షన్ పేమెంట్ ప్లాన్ ఉంది. అందులో చేరితే కౌంటరు దగ్గర ఏమీ కట్టరు, పథకం నెలనెలా బిల్లు పంపుతుంది. వడ్డీ గానీ రుసుము గానీ ఉండదు, మొత్తం ఖర్చు కూడా తగ్గదు. సంవత్సరం మొదట్లో చేరినవారికే దీనివల్ల ప్రయోజనం ఎక్కువ. అక్టోబరులో చేరితే పంచుకోవడానికి నెలలు మిగలవు.

తక్కువ ఆదాయం, తక్కువ ఆస్తులు ఉన్నవారు ఎక్స్‌ట్రా హెల్ప్ అనే సహాయానికి సోషల్ సెక్యూరిటీ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. అది మంజూరైతే 2026లో బ్రాండ్ మందుకు గరిష్ఠంగా 12.65 డాలర్లే పడుతుంది. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టనివారు ఉన్నారు కాబట్టి, ఇంట్లో పెద్దవారి తరఫున ఒకసారి కనుక్కోవడం మంచిది.

మెడికేర్ నేరుగా బేరమాడి నిర్ణయించిన ధరల రెండో జాబితాలో ఓజెంపిక్ మూల మందైన సెమాగ్లూటైడ్ ఉంది. నెల మందుకు 274 డాలర్లుగా 2025 నవంబరులో ప్రకటించిన ఈ ధర 2027 జనవరి 1 నుంచి అమలులోకి వస్తుంది. శాతం చొప్పున కట్టేవారికి ఇది నేరుగా తేడా చూపిస్తుంది, ఎందుకంటే 274లో పాతిక శాతం 68.50 డాలర్లే.

మెడికెయిడ్ ఉంటే?

కొద్ది డాలర్ల కోపే, లేదా అదీ ఉండదు. ముందస్తు అనుమతి (మందు ఇచ్చేముందు పథకం నుంచి తీసుకోవలసిన ఒప్పుదల) మాత్రం తరచుగా అవసరమవుతుంది.

బీమా సంస్థ ఈ మందుకు ఒప్పుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందుగా తిరస్కరణ లేఖలో కారణం చదవాలి. కారణాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది. ముందస్తు అనుమతి కోసం పంపిన పత్రాల్లో టైప్ 2 డయాబెటిస్ నిర్ధారణగానీ, గత రెండు మూడు నెలల సగటు గ్లూకోజును చూపే ఏ1సీ పరీక్ష ఫలితంగానీ లేకపోవడం చాలా సాధారణం. ఓజెంపిక్‌ను బరువు తగ్గడానికి అడుగుతున్నారని పథకం అనుకుంటే తోసిపుచ్చుతుంది. ఇటువంటి చోట డాక్టరు కార్యాలయం సరైన కాగితాలు మళ్లీ పంపితే పని అయిపోతుంది. రెండో రకం కారణం స్టెప్ థెరపీ, అంటే మెట్‌ఫార్మిన్ వంటి చవకైన మందు ముందు వాడి చూడాలన్న షరతు. ఇదివరకే వాడి ఉంటే, ఎప్పుడు వాడారో, ఏ ఇబ్బంది వల్ల ఆపారో రికార్డుతో చూపించాలి. పాత బీమాలో ఉన్నప్పుడు వాడిన సంగతి కొత్త బీమాకు తెలియదు. మూడోది, మీ పథకం జాబితాలో ఈ బ్రాండ్ లేకపోయినా అదే తరగతిలోని ఇంకో బ్రాండ్ ఉండటం. అప్పుడు పోరాడటం కన్నా మారడం గురించి డాక్టరుతో మాట్లాడటమే తరచుగా తెలివైన పని.

ఇవేవీ కుదరకపోతే అప్పీలు చేసే హక్కు ఉంది. ప్రైవేటు పథకాలలో తిరస్కరణ అందినప్పటినుంచి 180 రోజుల్లోపు అంతర్గత అప్పీలు పెట్టాలి. ఇంకా తీసుకోని మందు విషయంలో 30 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో వారు తేల్చాలి. అక్కడా కాదంటే, పథకంతో సంబంధం లేని బయటి సమీక్షకులకు పంపమని కోరవచ్చు, వారి నిర్ణయానికి పథకం కట్టుబడి ఉండాలి.

బీమా పక్కనపెట్టి నగదుకు కొంటే చవకగా వస్తుందా?

కొందరికి వస్తుంది. నోవో నార్డిస్క్ 2025 ఆగస్టులో ఓజెంపిక్‌ను నగదుకు నెలకు 499 డాలర్లకు ఇవ్వడం మొదలుపెట్టి, నవంబరులో తక్కువ డోసులకు 349కి తగ్గించింది, 2 మిల్లీగ్రాముల డోసుకు 499 ఉంచింది. ఈ ధరలు తరచుగా మారుతున్నాయి కాబట్టి కొనేరోజున కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవాలి.

మొదటి చూపులో 900 కన్నా 349 మేలు. కానీ ఇలా కట్టిన డబ్బు సాధారణంగా మీ డిడక్టిబుల్‌లో గానీ వార్షిక పరిమితిలో గానీ జమ కాదు. ఆ సంవత్సరం శస్త్రచికిత్సో, ప్రసవమో, ఇతర పెద్ద వైద్య ఖర్చో ఉంటుందని తెలిస్తే, డిడక్టిబుల్ ఎలాగూ నిండుతుంది కనుక బీమా మీదే కొనడం లాభం. ఈ మందు తప్ప ఇంకే ఖర్చూ ఉండదనుకునే ఆరోగ్యవంతులకు, డిడక్టిబుల్ మరీ పెద్దదైతే, నగదు దారి కలిసిరావచ్చు. పై ఉదాహరణలోని పథకాన్నే తీసుకుంటే, నెలకు 349 చొప్పున పన్నెండు నెలలకు 4,188 డాలర్లు, బీమాతో 4,200. తేడా పన్నెండు డాలర్లే. అంటే నగదు ధర చూడగానే ఎగిరి గంతేయకుండా, సంవత్సరం మొత్తానికి లెక్క వేసుకోవాలి.

ఉచితంగా ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయా?

ఉన్నాయి. తయారీ సంస్థలు ఆదాయ పరిమితులతో పేషెంట్ అసిస్టెన్స్ కార్యక్రమాలు నడుపుతాయి. ఆదాయ రుజువులు, డాక్టరు సంతకం కావాలి, అర్హతను ఎప్పటికప్పుడు తిరిగి చూస్తారు. సమాఖ్య నిధులు పొందే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఆదాయాన్ని బట్టి రుసుము ఉంటుంది, కొన్నింటిలో మందులు కూడా తక్కువకు దొరుకుతాయి.

జనరిక్ ఎప్పుడు వస్తుంది?

ఇదే తరగతిలో పాత మందైన విక్టోజాకు, అంటే లిరాగ్లూటైడ్‌కు, 2024 జూన్‌లో అమెరికాలో జనరిక్ వచ్చింది. అది రోజూ తీసుకోవలసిన ఇంజెక్షన్. వారానికొకసారి సూదికి అలవాటు పడినవారికి ఇబ్బందే అయినా, ఖర్చు భరించలేక మందు పూర్తిగా మానేయడం కన్నా దీని గురించి డాక్టరును అడగడం నయం. ఓజెంపిక్, మౌంజారోలకు అమెరికాలో పేటెంట్ రక్షణ ఇంకా కొన్నేళ్లు ఉంది.

ఆన్‌లైన్‌లో చవకగా అమ్మే సెమాగ్లూటైడ్ కొనవచ్చా?

కొరత ఉన్న రోజుల్లో మందును తామే కలిపి తయారుచేసే కాంపౌండింగ్ ఫార్మసీలు ఈ మందుల రూపాలను తయారుచేసి అమ్మడానికి వెసులుబాటు ఉండేది. సెమాగ్లూటైడ్ కొరత తీరిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో ప్రకటించడంతో ఆ కారణం పోయింది. కాంపౌండ్ చేసిన మందులను ఎఫ్‌డీఏ ఆమోదించదు. సీసాలోంచి సిరంజిలోకి సొంతంగా కొలుచుకోవలసి రావడం వల్ల ఎక్కువ డోసు పడి ఆసుపత్రి పాలైన సందర్భాలు ఆ సంస్థ దృష్టికి వచ్చాయి. అధికారిక సరఫరాలోకి నకిలీ ఓజెంపిక్ పెన్లు చొరబడ్డాయని కూడా 2023 డిసెంబరులో హెచ్చరించింది. ప్రిస్క్రిప్షన్ అడగకుండా పంపుతామనే చోట కొనకూడదు.

పొదుపు కోసం ఇంజెక్షన్ వారానికి బదులు పది రోజులకోసారి తీసుకోవచ్చా?

డాక్టరుకు చెప్పకుండా చేయవద్దు. గ్లూకోజు అదుపు తప్పుతుంది. పైగా కొన్ని వారాలు మానేసి మళ్లీ పెద్ద డోసుతో మొదలుపెడితే వాంతులు, కడుపునొప్పి తీవ్రంగా రావచ్చు. డబ్బు ఇబ్బంది అని చెప్పడానికి మొహమాటపడేవారు చాలామంది ఉన్నారు. డాక్టరుకు ఆ మాట తెలిస్తేనే చవకైన మందుకు మార్చడమో, సహాయ కార్యక్రమానికి కాగితాలు పంపడమో చేయగలరు.

సంవత్సరం మధ్యలో ఉద్యోగం మారితే ఏమవుతుంది?

కొత్త యజమాని పథకంలో డిడక్టిబుల్ సాధారణంగా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, పాతదానిలో కట్టింది చేరదు. ముందస్తు అనుమతి కూడా కొత్తగా తీసుకోవాలి. పాత బీమా ముగిసేలోపు, అనుమతి ఉంటే, మూడు నెలల మందు ఒకేసారి తీసుకుని ఫ్రిజ్‌లో భద్రపరుచుకోండి. ఇప్పటికే డిడక్టిబుల్ నిండిపోయినవారికి ఇది పెద్ద ఆదా. కొత్త పథకం ఫార్ములరీని మాత్రం చేరకముందే అడిగి తెప్పించుకోండి, ఎందుకంటే అందులో మీ బ్రాండ్ లేకపోతే డాక్టరుతో మాట్లాడటానికి ఆ మూడు నెలలే మీకున్న వ్యవధి.